కుదుపు పోయినా గుర్తు ఎందుకు మిగులుతుంది? హిస్టరిసిస్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నోట్ల రద్దప్పుడు 50 రోజులు ఓపిక పట్టమన్నారు. లాక్‌డౌన్ మొదలైనప్పుడు 21 రోజులన్నారు. ఆ రోజులన్నీ ఎప్పుడో అయిపోయాయి. అయినా సోడా బండి మీద క్యూఆర్ స్టిక్కర్ ఊడలేదు, లాక్‌డౌన్‌లో మూతపడ్డ మెస్సు మళ్లీ తెరుచుకోలేదు. తాత్కాలికంగా వచ్చిన దెబ్బ ఎందుకు ఇలా మిగిలిపోతుందని అడిగేవాళ్ల కోసం ఈ పేజీ.

హిస్టరిసిస్ అంటే ఏమిటి?

ఒక కుట్టుసూదిని అయస్కాంతంతో ఒకే వైపుకి పదిసార్లు రుద్ది, అయస్కాంతాన్ని దూరంగా పెట్టేయండి. అయినా సూది గుండుపిన్నుల్ని లాగుతుంది. కారణం పక్కకి తప్పుకున్నా ఫలితం ఉండిపోయింది. 1880ల మొదట్లో టోక్యోలో పాఠాలు చెబుతూ ఇనుము మీద ఇలాంటి ప్రయోగాలు చేసిన జేమ్స్ ఆల్ఫ్రెడ్ ఈవింగ్ అనే స్కాట్లండ్ శాస్త్రవేత్త దీనికి హిస్టరిసిస్ అని పేరు పెట్టాడు. గ్రీకులో వెనకబడటం అని అర్థం. ఆర్థికవేత్తలు ఈ మాటని భౌతికశాస్త్రం నుంచి అరువు తెచ్చుకున్నారు.

ఆలస్యంగా కోలుకోవడానికీ దీనికీ తేడా ఏమిటి?

మామూలు జ్వరం తగ్గాక వారం పది రోజులు నీరసంగా ఉంటుంది. అది ఆలస్యం, అంతే. చికున్‌గున్యా వచ్చిపోయిన కొందరికి జ్వరం మూడు రోజుల్లో తగ్గినా కీళ్లు మాత్రం ఏళ్ల తరబడి పట్టేస్తాయి. హిస్టరిసిస్ ఆ రెండో రకం. ఎదురుచూస్తే సర్దుకునేది కాదు, వేరే ఏదో జరిగితే తప్ప పాత చోటికి రాదు.

అయితే అంకెల్లో ఈ రెండింటినీ విడదీయడం చాలా కష్టం. పదేళ్లయినా కోలుకోని ఆర్థిక వ్యవస్థ పదిహేనో ఏట కోలుకోదని ఎవరు చెప్పగలరు? ఆర్థికవేత్తల మధ్య గొడవలో సగం దీని మీదే.

కారణం పోయాక ఫలితం ఎందుకు పోదు? లాజిక్ అర్థం కావడం లేదు.

ఒక కర్రీ పాయింట్ లెక్క వేసుకుందాం. అంకెలు ఊహించుకున్నవే. షాపు బాగుచేయించడం, పొయ్యిలు, గిన్నెలు, ఫ్రిజ్, బోర్డు అన్నీ కలిపి మూడు లక్షలు అయ్యాయి. రేపు మూసేస్తే ఆ సామాను పాత సామాన్ల రేటుకే పోతుంది. కాబట్టి నెలకి పాతిక వేలైనా మిగులుతుందని నమ్మకం కుదిరితే తప్ప కొత్తవాడు దిగడు. ఇప్పటికే దిగినవాడి లెక్క వేరు. పెట్టిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు కాబట్టి నెలకి ఎనిమిది వేలు మిగిలినా లాక్కొస్తాడు. అంటే తెరవడానికి ఒక గీత ఉంది, మూయడానికి అంతకంటే కిందన ఇంకో గీత ఉంది.

ఇప్పుడు ఆ వీధిలో కర్రీ పాయింట్ల లాభం నెలకి పదిహేను వేలు అనుకోండి. రెండు గీతలకీ మధ్యలో ఉంది. అక్కడ ఎన్ని కొట్లు ఉంటాయి? ఈ నెల లాభం ఎంతో తెలిసినంత మాత్రాన చెప్పలేం. నిరుడు ఏం జరిగిందో కూడా తెలియాలి. నిరుడు పక్కన హాస్టళ్లు కళకళలాడి లాభం ముప్పై వేలకి వెళ్లి ఉంటే, అప్పుడు దిగినవాళ్లంతా ఇంకా ఉంటారు. నిరుడు లాక్‌డౌన్ వచ్చి లాభం సున్నా అయి ఉంటే, మూసేసినవాళ్లెవరూ తిరిగి రారు. లాభం మళ్లీ పాత పదిహేను వేలకి వచ్చినా సరే, రారు. పరిస్థితి అదే, ఫలితం వేరు. నన్నడిగితే హిస్టరిసిస్ అంతా ఈ రెండు గీతల కథే. మిగతా ఉదాహరణలన్నీ దీనికే వేషాలు.

బొంబాయిలో పుట్టి ప్రిన్స్‌టన్‌లో పాఠాలు చెప్పిన అవినాశ్ దీక్షిత్ ఈ గీతల లెక్కని పద్ధతిగా కట్టినవాళ్లలో ముఖ్యుడు. 1980ల అమెరికా దీనికి మంచి నిదర్శనం. 1980 నుంచి 1985 మొదటి వరకు డాలరు విపరీతంగా బలపడింది, విదేశీ సరుకు అక్కడ చవకైపోయింది. బయటి కంపెనీలు డీలర్లనీ సర్వీసు సెంటర్లనీ ప్రకటనలనీ సమకూర్చుకుని అమెరికా మార్కెట్లో దిగాయి. 1985 సెప్టెంబర్‌లో న్యూయార్క్ ప్లాజా హోటల్లో డాలరు విలువ దించాలని ఐదు దేశాలు ఒప్పందం చేసుకున్నాక అది ఇంకా వేగంగా దిగింది. దిగుమతులు కూడా దిగాలి కదా? వాణిజ్య లోటు వెంటనే తగ్గలేదు. ఖర్చు పెట్టి వచ్చినవాళ్లు ఊరికే పోరని రిచర్డ్ బాల్డ్విన్, పాల్ క్రుగ్మన్ వివరించారు.

ఈ మాటకి ఆర్థికశాస్త్రంలో అంత పేరు ఎప్పుడు వచ్చింది?

1986లో, ఒలివియే బ్లాంషార్, లారెన్స్ సమ్మర్స్ అనే ఆర్థికవేత్తలు రాసిన వ్యాసంతో. వాళ్లని కుదురుగా ఉండనివ్వని ప్రశ్న యూరప్ నిరుద్యోగం. బ్రిటన్‌నే తీసుకోండి. 1980లో ధరల పెరుగుదల 18 శాతం. దాన్ని అణచడానికి వడ్డీ రేట్లు పెంచారు, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1979లో 5 శాతం పైచిలుకు ఉన్న నిరుద్యోగం 1984కి 12 శాతం దగ్గరికి చేరింది. పాఠ్యపుస్తకం ప్రకారం ధరలు అదుపులోకి రాగానే నిరుద్యోగం దిగిరావాలి. 1983కే ధరల పెరుగుదల 5 శాతం లోపుకి వచ్చేసింది, నిరుద్యోగం మాత్రం ఏళ్ల తరబడి పైనే ఉండిపోయింది.

వాళ్లు చెప్పిన కారణాల్లో నాకు నచ్చింది లోపలివాళ్లు, బయటివాళ్లు అన్న వాదన. జీతాల బేరం యూనియన్ చేస్తుంది. యూనియన్‌లో ఉన్నది ఉద్యోగం ఉన్నవాళ్లు. వందమందిలో ఇరవైమందిని తీసేస్తే, మరుసటి ఏడు బేరానికి కూర్చునేది మిగిలిన ఎనభైమందే. వాళ్లు తమ ఎనభై ఉద్యోగాలు నిలిచే జీతం అడుగుతారు గానీ, బయటికి పోయిన ఇరవైమంది లోపలికి వచ్చేంత తక్కువ జీతం ఎందుకు అడుగుతారు? ఎవరి తప్పూ లేదు. కానీ ఆ ఇరవైమంది బయటే ఉండిపోతారు. రెండో కారణం అందరికీ తెలిసిందే: రెండేళ్లు పని లేనివాడికి పని మరిచిపోతుంది, ఇంటర్వ్యూలో ఆ రెండేళ్లు ఏం చేశావని అడుగుతారు. పోయిన చోటే వెతుక్కోవాలని మన పెద్దలు అంటారు గానీ, మూసేసిన ఫ్యాక్టరీ గేటు దగ్గర వెతికితే ఏం దొరుకుతుంది.

మన దగ్గర నికార్సయిన ఉదాహరణ ఉందా?

ఉంది. దాని మీద ప్రపంచమంతా పరిశోధనలు చేసింది, మనమే మరిచిపోయాం. 2010 నాటి మైక్రోఫైనాన్స్ సంక్షోభం. మైక్రోఫైనాన్స్ అంటే పేదింటి ఆడవాళ్లకి గ్రూపు పూచీ మీద ఇచ్చే చిన్న అప్పులు.

అప్పట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ అప్పులకి దేశంలోకెల్లా పెద్ద మార్కెట్. ఒక్కో ఇంట్లో మూడు నాలుగు సంస్థల అప్పులు, వారం వారం కిస్తీ. ఒకరు కట్టకపోతే గ్రూపులో మిగతా ఆడవాళ్లు వాళ్ల గుమ్మం ముందు కూర్చోవడం. ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి. 2010 అక్టోబర్ 15న రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ప్రతి జిల్లాలో రిజిస్టర్ చేయించుకోవాలి, వసూలు నెలకోసారే, ఇళ్ల మీదికి వెళ్లకూడదు. ఆ వసూళ్లు కళ్లారా చూసినవాళ్లెవరూ ఇది అనవసరం అనరు. నేనూ అనను.

కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. అంతవరకు దాదాపు పూర్తిగా ఉండే బాకీల వసూలు కొన్ని నెలల్లోనే పది శాతం దగ్గరికి పడిపోయింది. కట్టగలిగినవాళ్లు కూడా ఆపేశారు. పక్కింటావిడ కట్టనప్పుడు నేనెందుకు కట్టాలి, కట్టినా ఈ సంస్థ రేపు ఉండి మళ్లీ అప్పిస్తుందా? అలా అనుకోవడం వల్లే ఆ సంస్థలు నిజంగానే లేకుండా పోయాయి. ఆఫీసులు మూశారు, ఊరూరూ తిరిగే ఫీల్డ్ ఆఫీసర్లు వేరే పనులు చూసుకున్నారు. ఎవరింట్లో ఎవరు నమ్మకస్తులో వాళ్లకి తెలిసినంతగా ఏ కంప్యూటర్‌కీ తెలియదు. ఆ తెలివిడి చెదిరిపోయింది.

దేశమంతటికీ నియమాలు పెట్టమని రిజర్వ్ బ్యాంక్ వేసిన మాలెగాం కమిటీ 2011 జనవరిలో సిఫార్సు చేసింది, ఆ ఏడాది చివరికల్లా రిజర్వ్ బ్యాంక్ ఈ సంస్థలకి ప్రత్యేక తరగతి, నిబంధనలు పెట్టింది. అంటే గొడవకి మూలమైన లోపాన్ని ఏడాదిలోపే సరిదిద్దడం మొదలైంది. మిగతా రాష్ట్రాల్లో ఈ వ్యాపారం మళ్లీ పుంజుకుని పాతదానికంటే ఎన్నో రెట్లు పెరిగింది. తెలుగు నేల మీదికి మాత్రం చాలా ఏళ్లు ఎవరూ గట్టిగా అడుగు పెట్టలేదు. రిజర్వ్ బ్యాంక్ పరిధిలో ఉన్న సంస్థలకి రాష్ట్ర చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు తేల్చింది 2023 ఫిబ్రవరిలో. పన్నెండేళ్లు దాటింది. ఈలోగా బ్యాంకు లింకేజీ ఉన్న డ్వాక్రా సంఘం అందుబాటులో ఉన్నవాళ్లు దాని మీద ఆధారపడ్డారు, లేనివాళ్లకి మళ్లీ వడ్డీ వ్యాపారే దిక్కు.

ఇంకో సంగతి. దెబ్బ ఇక్కడ తగిలితే నొప్పి ఇంకెక్కడో కూడా వచ్చింది. ఇక్కడ డబ్బు ఇరుక్కుపోయిన సంస్థలకి బ్యాంకులు అప్పు ఆపేశాయి. దాంతో అవి ఒక్క కిస్తీ కూడా ఎగ్గొట్టని వేరే రాష్ట్రాల జిల్లాల్లో అప్పులు తగ్గించాయి. ఆ జిల్లాల్లో రోజుకూలీ రేట్లు, ఇంటి ఖర్చులు తగ్గాయని ఎమిలీ బ్రెజా, సింథియా కినన్ చేసిన అధ్యయనం తేల్చింది. అప్పు తీసుకోని కూలీకి కూడా కూలి తగ్గింది.

నోట్ల రద్దు వల్ల శాశ్వతంగా ఏదైనా మారిందా? లేక ఆర్నెల్ల గోలేనా?

రెండూ నిజమే. ఒకే దెబ్బ ఒక చోట మానిపోయి ఇంకో చోట మిగలడం ఇంత స్పష్టంగా దొరకడం అరుదు.

2016 నవంబర్ 8 రాత్రి చలామణిలో ఉన్న నగదు విలువలో 86 శాతం చెల్లకుండా పోయింది. కొత్త నోట్లు అన్ని జిల్లాలకీ ఒకేసారి చేరలేదు. ఈ తేడా పరిశోధకులకి దొరికిన వరం. ఎక్కువ కరువు పడిన జిల్లాలనీ తక్కువ పడిన జిల్లాలనీ పోల్చి గీతా గోపీనాథ్, మరో ముగ్గురు చూస్తే, 2016 చివరి మూడు నెలల్లో వ్యాపారం గట్టిగానే పడింది, ఆ తర్వాత కొద్ది నెలల్లో తేడా మాసిపోయింది. అది మానిన గాయం.

నికొలా క్రూజె, అపూర్వ్ గుప్తా, ఫిలిప్పో మెజానొట్టి అనే ముగ్గురు ఫోన్‌లో డబ్బు కట్టించే ఒక వాలెట్ కంపెనీ లెక్కలు తీసి ఇలాగే పోల్చారు. నోట్ల కరువు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో వాలెట్ తీసుకునే దుకాణాలు ఎక్కువ పెరిగాయి, సరే. నోట్లు మళ్లీ దొరికాక కూడా ఆ జిల్లాలు ముందే ఉన్నాయి. పక్క కొట్లలో ఫోన్ డబ్బు తీసుకుంటే కొనేవాళ్లకి అది అలవాటవుతుంది, అలవాటైనవాళ్లు వస్తుంటే నేనూ పెట్టుకోవాలి. ఒకసారి అందరూ ఎక్కాక ఒక్కడే దిగడం కుదరదు. ఇదీ రెండు గీతల కథే, కాకపోతే ఈసారి గీత దాటింది ఒక్క కొట్టు కాదు, బజారు బజారంతా.

పోనీ నగదు తగ్గిందా అంటే, లేదు. రద్దుకి ముందు దాదాపు 18 లక్షల కోట్లు చలామణిలో ఉండేది, 2022 చివరికి 30 లక్షల కోట్లు దాటింది. కాబట్టి మారిన అలవాటు చూపించి నోట్ల రద్దు విజయం అనేవాళ్లతో నేను ఏకీభవించను. పక్కవాడి ఇల్లు కాలితే ఆ బొగ్గులు మనకి పనికొచ్చినంత మాత్రాన మంట మంచిది కాదు కదా.

లాక్‌డౌన్‌లో ఊళ్లకి వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లిపోయారు కదా?

చాలామంది వెళ్లారు. కానీ దేశం లెక్క చూస్తే ఆశ్చర్యం. ప్రభుత్వ కార్మిక సర్వే ప్రకారం పనిచేసేవాళ్లలో వ్యవసాయం మీద ఉన్నవాళ్లు 2018-19లో 42.5 శాతం. ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చిన అంకె అది. 2020-21లో 46.5 శాతానికి ఎగబాకింది. 2023-24లోనూ 46.1 శాతమే. ఇందులో పల్లెల్లో పొలం పనిలోకి కొత్తగా లెక్కకొచ్చిన ఆడవాళ్ల వాటా పెద్దది, కాబట్టి అంతా పట్నం వదిలొచ్చినవాళ్లే అనుకోకూడదు. అయినా కరోనా పోయిన మూడేళ్లకి కూడా అంకె పాత చోటికి రాలేదు. పట్నంలో గది ఖాళీ చేసి, అడ్వాన్సు వెనక్కి తీసుకుని, పిల్లల టీసీ ఊరి బడికి మార్చాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలంటే ఎంత పని!

జీడీపీ రెండేళ్లలోనే కోలుకుందన్నారే?

పెరుగుదల రేటు కోలుకుంది. స్థాయి కోలుకోవడం వేరు. 2011-12 ధరల లెక్కలో 2020-21లో జీడీపీ 5.8 శాతం తగ్గింది, మరుసటి ఏడు 9.7 శాతం పెరిగింది. 100తో మొదలుపెడితే 94.2, ఆ తర్వాత 103.3. కరోనా రాకుండా ఏడాదికి 6 శాతం పెరిగి ఉంటే 112.4 ఉండాలి. తొమ్మిది చిల్లర తేడా. పేపర్లో మాత్రం హెడ్డింగ్ ‘రికార్డు వృద్ధి’. వలెరీ సెర్రా, స్వేతా సక్సేనా 190 దేశాల లెక్కలు చూసి 2008లో చెప్పింది ఇదే: ఆర్థిక సంక్షోభాల్లోనూ రాజకీయ సంక్షోభాల్లోనూ పోయిన ఉత్పత్తి చాలావరకు తిరిగి రాదు.

దీనికి ఎదురు వాదం అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్‌ది. వాలుగా పెట్టిన చెక్కకి ఆనించి బిగించిన తీగని కిందికి లాగి వదిలితే ఎంత లాగామో అంత పైకి వస్తుందని ఆయన పోలిక. మామూలు మాంద్యాలకి అది సరిపోయినట్టే అనిపిస్తుంది. తీగ తెగితే ఏమిటన్నది నా సందేహం.

పిల్లల చదువు నష్టం భర్తీ అయిందట, నిజమేనా?

సగం నిజం. రెండో తరగతి పాఠం చదవగల మూడో తరగతి పిల్లలు గ్రామాల్లో 2018లో 27.3 శాతం, 2022లో 20.5, 2024లో 27.1 అని అసర్ సర్వే చెప్పింది. అంకె వెనక్కి వచ్చింది. కానీ 2024లో మూడో తరగతిలో ఉన్న పిల్ల 2022లో ఒకటో తరగతిలో చేరింది, అప్పటికి బడులు తెరిచేశారు. కోలుకున్నది మూడో తరగతి. బడి మూసినప్పుడు ఒకటి రెండు తరగతుల్లో ఉన్న పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు, ఈ అంకె వాళ్ల గురించి ఏమీ చెప్పదు.

అయితే ప్రతి దెబ్బా గుర్తు మిగులుస్తుందా?

లేదు, ఇది గట్టిగా చెప్పాలి. హిరోషిమా కంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? డొనాల్డ్ డేవిస్, డేవిడ్ వైన్‌స్టైన్ జపాన్ నగరాల జనాభా చూస్తే, నాగసాకి 1960కి, హిరోషిమా 1975కి యుద్ధానికి ముందున్న పెరుగుదల గీతని అందుకున్నాయి. వియత్నాంలో అమెరికా బాంబులు ఎక్కువగా పడిన జిల్లాలు కూడా 2000ల నాటికి మిగతావాటికంటే పేదగా ఏమీ లేవని మరో అధ్యయనం తేల్చింది.

అంటే దెబ్బ ఎంత పెద్దదన్నది ముఖ్యం కాదు. కట్టడాలు కూలితే కట్టుకోవచ్చు, అక్కడే బతకాలన్న జనం, ఓడరేవు, పొలం, పని తెలిసిన చేతులు ఉంటే. మనుషుల మధ్య అల్లుకున్నది తెగితేనే కష్టం. నమ్మకం, పరిచయం, పని అలవాటు, మార్కెట్లో చోటు లాంటివి. హిరోషిమా లేచింది, మన మైక్రోఫైనాన్స్ పన్నెండేళ్లు లేవలేదు. పోలిక విడ్డూరంగా ఉన్నా ఆలోచించదగ్గదే.

జమీందారీ ప్రాంతాలు ఇప్పటికీ వెనకబడి ఉండటం కూడా హిస్టరిసిస్సేనా?

బ్రిటిష్‌వాళ్లు జమీందార్లకి అప్పగించిన ప్రాంతాలు స్వాతంత్ర్యం తర్వాత కూడా పంట దిగుబడిలోనూ బడుల్లోనూ వెనకబడ్డాయని అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ 2005లో చూపించారు. కానీ వందేళ్లకి పైగా నడిచినదాన్ని తాత్కాలిక దెబ్బ అనడం నాకు సరికాదనిపిస్తుంది. పైగా మన దగ్గర తొందరపడి పోల్చకూడదు. రాయలసీమలో మన్రో అనే బ్రిటిష్ అధికారి రైత్వారీ పెట్టాడు, అంటే జమీందారు లేకుండా రైతు దగ్గరే నేరుగా శిస్తు వసూలు; గోదావరి జిల్లాలు ఉన్న ఉత్తర సర్కారుల్లో జమీందారీ ఎక్కువ. మరి గోదావరి జిల్లాలు ముందెందుకున్నాయి? 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టని అడగాలి.

ప్రభుత్వం ఏం చేస్తే గుర్తు మిగలదు?

ముఖ్యంగా త్వరగా చేయాలి. కింది గీత దాటకుండా ఆపడం చవక, దాటాక వెనక్కి తేవడం ఖరీదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అనే మాటకి ఇంతకంటే మంచి సందర్భం ఉండదు. 2009లో జర్మనీ జీడీపీ 5 శాతానికి పైగా పడినా నిరుద్యోగం పెద్దగా పెరగలేదు. పని గంటలు తగ్గించి, పోయిన జీతంలో కొంత భాగం ప్రభుత్వం భరించి, మనిషిని మాత్రం కంపెనీ రోల్స్‌లోనే ఉంచారు. మన దగ్గర 2020 మేలో చిన్న పరిశ్రమలకి 3 లక్షల కోట్ల వరకు హామీ అప్పులు, ఉపాధి హామీకి అదనంగా 40 వేల కోట్లు ప్రకటించారు. జీఎస్టీ, పాత బ్యాంకు అప్పు లాంటి కాగితాలు ఉన్నవాళ్లకి హామీ అప్పు అందింది, మన కర్రీ పాయింట్ లాంటివి దాని కంటికి ఆనవు. ఎలాగూ మూతపడాల్సిన కంపెనీలని కూడా ఇలా బతికిస్తున్నారనే విమర్శ ఉంది. న్యాయమైన విమర్శే.

నేను మాంద్యంలో డిగ్రీ పూర్తి చేశాను. ఆఫర్ లెటర్ వచ్చింది, జాయినింగ్ రాలేదు. జీవితాంతం వెనకబడినట్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జీవితాంతం కాదు, అయితే ఏడాది రెండేళ్లలో పోయేదీ కాదు. అమెరికాలో 1980ల మాంద్యంలో బయటికొచ్చినవాళ్ల జీతాల మీద లీసా కాన్ చేసిన అధ్యయనంలో పదిహేనేళ్ల తర్వాత కూడా కొంత తేడా కనిపించింది. కెనడా లెక్కలు కొంచెం ధైర్యం ఇస్తాయి: మొదట్లో దాదాపు 9 శాతం తక్కువ జీతం, ఎనిమిది పదేళ్లలో మాసిపోయింది. ఎలా మాసిందన్నది మీకు పనికొచ్చే విషయం. దొరికిన చిన్న కంపెనీలో చేరి, మార్కెట్ కోలుకోగానే మంచి కంపెనీకి మారినవాళ్లు త్వరగా అందుకున్నారు.

మా బంధువుల అబ్బాయి ఒకడు 2009లో బీటెక్ అయ్యాక ఇదే పరిస్థితి. పెద్ద కంపెనీ పిలుపు కోసం పద్నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. వాడి రూమ్మేట్ అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసి ఎనిమిది వేలకి చేరిపోయాడు. పిలుపు చివరికి వచ్చింది గానీ, అప్పటికి రూమ్మేట్ రెండో ఉద్యోగంలో ఉన్నాడు.

హిస్టరిసిస్‌కీ హిస్టీరియాకీ, హిస్టరీకీ ఏమైనా సంబంధం ఉందా?

గ్రీకులో మూడూ వేర్వేరు మాటలు. హిస్టీరియా గర్భాశయం అనే మాట నుంచి, హిస్టరీ విచారించి తెలుసుకోవడం అనే మాట నుంచి వచ్చాయి. క్లాసులో చెప్పేటప్పుడు హిస్టరిసిస్‌నీ హిస్టీరియానీ కలిపేసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరు ఉంటారు.